ఎంబీబీఎస్ వెబ్ ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలి? నర్సంపేట సార్ ప్రశ్నకు జవాబు

నమస్తే సార్. ముందుగా అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. లాంగ్ టర్మ్ కోచింగ్ లేకుండా మొదటిసారే నీట్‌లో ఇంత ర్యాంకు తెచ్చుకుందంటే మామూలు కష్టం కాదు.

మీ ప్రశ్న చదవని వాళ్ల కోసం రెండు మాటల్లో చెప్తాను. మీ అమ్మాయి ర్యాంకు గత ఏడాది వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ)లో ఓపెన్ కేటగిరీ చివరి సీటు ఆగిన చోటికి కొంచెం అటూ ఇటూగా ఉంది. మీ ఊళ్లోనే, అంటే నర్సంపేటలోనే, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఇంట్లో ఉండి చదువుకుంటుందని అమ్మాయి వాళ్ల అమ్మగారు దాన్నే మొదట పెట్టమంటున్నారు. కేఎంసీ పైన పెడితే నర్సంపేట కూడా చేజారుతుందేమోనని మీ భయం. గాంధీ, ఉస్మానియా రాసి ఆప్షన్లు పాడు చేసుకోవాలా, ఆలిండియా కోటాకు రిజిస్టర్ చేయాలా, ఆప్షన్లు పెట్టిస్తామని డబ్బులడుగుతున్న కన్సల్టెన్సీని నమ్మాలా అని కూడా అడిగారు.

నేను కేఎంసీలో ఎంబీబీఎస్ చదివాను. తర్వాత పిల్లల వైద్యంలో పీజీ చేసి, ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే పనిచేస్తున్నాను. పాత కాలేజీలోనూ కొత్త కాలేజీలోనూ పాఠాలు చెప్పాను. కౌన్సెలింగ్ నెలలు వచ్చాయంటే చుట్టాలు, స్నేహితులు పిల్లల్ని తీసుకొచ్చి మా ఇంట్లో కూర్చుంటారు. అందుకని ఇంత పొడవుగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ భయం సంగతి. కేఎంసీని పైన పెట్టినంత మాత్రాన నర్సంపేట పోదు. సీటు ఎలా ఇస్తారో తెలిస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్ మెరిట్ లిస్టులో మొదటి పేరు తీసుకుంటుంది. ఆ పిల్ల లేదా పిల్లవాడి మొదటి ఆప్షన్‌లో సీటు ఖాళీగా ఉందా అని చూస్తుంది. ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండో ఆప్షన్, మూడో ఆప్షన్ అలా దిగుతూ పోతుంది. ఒకరి పని పూర్తయ్యాకే తర్వాతి ర్యాంకు దగ్గరికి వస్తుంది. పెళ్లి బంతిలో వరసగా వడ్డించినట్టే. మీ అమ్మాయి విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఆమె తర్వాత కూర్చున్న వాళ్లెవరికీ ఇంకా వడ్డించలేదు. కేఎంసీ లేదని తేలితే సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే ఆమె తర్వాతి ఆప్షన్ చూస్తుంది. నర్సంపేటను 1వ నంబరులో పెట్టినా 20వ నంబరులో పెట్టినా, ఆమె వంతులో అక్కడ సీటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మొదటి ఆప్షన్‌గా పెట్టిన వాళ్లకు అదనపు మార్కులేమీ ఉండవు.

నర్సంపేటను పైన పెట్టారనుకోండి, అప్పుడు కేఎంసీ ఖాళీగా ఉన్నా ఆమెకు రాదు. నాలుగేళ్ల కిందట మా దూరపు బంధువుల అబ్బాయికి ఇదే జరిగింది. హుజూరాబాద్ దగ్గర ఊరు వాళ్లది. ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో, రాని కాలేజీలు పైన పెడితే వచ్చేది కూడా పోతుందని చెప్పి ఒక కొత్త కాలేజీని మొదట పెట్టించారు. అదే వచ్చింది. వాడికన్నా వెనక ర్యాంకున్న క్లాస్‌మేట్ కేఎంసీలో చేరాడు. రెండో విడతకు వచ్చేసరికి వాడి కేటగిరీలో కేఎంసీలో ఒక్క సీటూ మిగల్లేదు. వాళ్ల నాన్న ఫోన్‌లో ఏడ్చారు. వాడు ఇప్పుడు బాగానే చదువుతున్నాడు, కానీ ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ వాళ్లింట్లో అందరూ మౌనంగా అయిపోతారు. మీ ఇంట్లో అలా జరగకూడదు.

అందుకని, వచ్చే అవకాశం ఎంత అన్న లెక్కను వరస వేసేటప్పుడు పూర్తిగా పక్కన పెట్టండి. గాంధీ, ఉస్మానియా ఇష్టమైతే అవి పైన రాయండి. కేఎంసీ దగ్గరే ర్యాంకు అటూ ఇటూగా ఉందంటే ఆ రెండూ రావడం కష్టమే. ఎందుకంటే రాష్ట్ర కోటాలో మామూలుగా అవి కేఎంసీ కన్నా ముందే నిండుతాయి. అయినా రాయడం వల్ల నష్టం లేదు. హైదరాబాద్ పంపే ఉద్దేశమే లేకపోతే అసలు రాయకండి. ఎందుకంటే ఏదో ఒక ఏడాది అనుకోకుండా అక్కడే సీటు వస్తుంది, ఇక అప్పుడు ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. వస్తే చేరతాం అనుకున్న కాలేజీలే జాబితాలో ఉండాలి. వాటిలో ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు కాబట్టి పొదుపు చేయాల్సిన పనీ లేదు.

గత ఏడాది చివరి ర్యాంకులతో మరేం పని అంటారా? ఎన్ని ఆప్షన్ల దాకా దిగాలో తెలుస్తుంది, అంతే. ఆ లెక్క చూసేటప్పుడు మార్కులు చూడకండి, ర్యాంకే చూడండి. 2024లో ఫలితాలు సవరించిన తర్వాత కూడా 720కి 720 వచ్చినవాళ్లు 17 మంది ఉన్నారు. 2025లో పేపర్ ఎంత కష్టంగా వచ్చిందంటే దేశంలో మొదటి ర్యాంకుకే 686 మార్కులు. జనరల్ వాళ్లకు అర్హత మార్కు 162 నుంచి 144కు దిగింది. ఒక ఏడాది మార్కులతో ఇంకో ఏడాది సీటు అంచనా వేసినవాళ్లు ఎంత కంగారు పడ్డారో నేను చూశాను. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ప్రతి విడత తర్వాత ఎవరికి ఏ కాలేజీలో సీటు వచ్చిందో జాబితా పెడతారు. అందులో మీ కేటగిరీ వరస పట్టుకుని, మొదటి విడతలోనూ ఆఖరి విడతలోనూ చివర ఎవరికి వచ్చిందో చూడండి. రెండింటి మధ్య తేడా మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆలిండియా కోటాలో వచ్చినవాళ్లు, పైకి మారినవాళ్లు ఖాళీ చేసిన సీట్లన్నీ కిందికి దిగుతాయి. మొదటి విడతలో కేఎంసీ రాలేదని అమ్మాయి నీరసపడితే ఈ జాబితా చూపించండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇష్టం ప్రకారం రాయమన్నాను గదా, ఆ ఇష్టం దేన్ని బట్టి ఉండాలి? ఇంటి దూరాన్ని బట్టా, ఊరి పేరును బట్టా, కొత్త బిల్డింగును బట్టా?

నన్నడిగితే కాలేజీ గేటు దగ్గర ఆగకండి, దాని ఆస్పత్రికి వెళ్లి చూడండి. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. వాటిని మంచి పుస్తకం, ఓపికున్న టీచరు ఉంటే ఎక్కడైనా నేర్చుకోవచ్చు. రెండో ఏడాది నుంచి పిల్లల్ని వార్డుల్లోకి పంపుతారు. అక్కడి నుంచి హౌస్ సర్జన్, అంటే ఇంటర్న్, అయ్యేదాకా వాళ్లకు గురువు రోగే. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక మీ అమ్మాయి ఒక్కతే డ్యూటీలో ఉన్నప్పుడు అర్ధరాత్రి మూర్ఛతో ఒక పసిబిడ్డ వస్తుంది. అప్పుడు చేతులు వణకకుండా సూది వేయగలగాలంటే అలాంటి బిడ్డల్ని ముందు పదిమందినైనా చూసి ఉండాలి. పుస్తకంలో చదివితే ఆ ధైర్యం రాదు. పిల్లల డాక్టరుగా ఇది నేను రోజూ చూసే విషయం.

కేఎంసీ బలం అక్కడే ఉంది. 1959లో మొదలైన కాలేజీ, ఇప్పుడు 250 సీట్లు. దానికి వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాస్పత్రి ఎంజీఎం ఒక్కటే కాదు, కాన్పులకు వరంగల్‌లో సీకేఎం, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి, విడిగా కంటి ఆస్పత్రి, ఛాతీ ఆస్పత్రి ఉన్నాయి. ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచే గాక గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి, మహారాష్ట్ర సరిహద్దు నుంచి కూడా రోగులు వస్తారు. వానాకాలంలో డెంగీ, మలేరియా, పాము కాట్లు. పత్తి చేల సీజన్‌లో పురుగుమందు కేసులు. అక్కడ చదివిన పిల్ల ఇంటర్న్‌షిప్ అయ్యేసరికి చూసినన్ని రకాల కేసులు పెద్ద పెద్ద నగరాల ప్రైవేటు కాలేజీ పిల్లలు చూడరు. నేను చదివిన చోటు కాబట్టి పొగుడుతున్నానని అనుకోకండి. అక్కడి ఇబ్బందులూ తెలుసు. ఒక్కో మంచం చుట్టూ ఇరవై మంది స్టూడెంట్లు నిలబడితే వెనకవాళ్లకు సార్ చెప్పేది వినపడదు. కాన్పులు, కుట్లు, లంబార్ పంక్చర్లు (వెన్ను నుంచి నీరు తీయడం) చాలావరకు పీజీ చదివే డాక్టర్లే చేస్తారు. ముందుకు తోసుకుని నేర్చుకునే పిల్లకే అక్కడ లాభం.

కొత్త కాలేజీల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. పీజీలు తక్కువ, కొన్ని విభాగాల్లో అసలు ఉండరు. కాబట్టి హౌస్ సర్జన్ చేతికి పని ఎక్కువ వస్తుంది. నేను పనిచేసిన ఒక కొత్త కాలేజీలో ఒక అమ్మాయి మూడు నెలల్లో తన చేతులతో చేసిన కాన్పులు, నేను కేఎంసీలో ఇంటర్న్‌షిప్ మొత్తంలో చేసినవాటికన్నా ఎక్కువ. కానీ పీజీ లేకపోవడం వల్ల లోటు కూడా ఉంది. రాత్రి రెండు గంటలకు, ఇలా ఎందుకు చేశారని అడగడానికి పక్కన నాలుగేళ్ల సీనియర్ ఉండడు. మా తరంలో సగం వైద్యం మేము పీజీల దగ్గరే నేర్చుకున్నాం.

టీచర్ల సంగతి ఇంకా ముఖ్యం. తెలంగాణ వచ్చేనాటికి రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలు ఐదే: ఉస్మానియా, గాంధీ, కేఎంసీ, ఆదిలాబాద్ రిమ్స్, నిజామాబాద్. 2016 నుంచి 2019 మధ్య మహబూబ్‌నగర్, సిద్దిపేట, నల్లగొండ, సూర్యాపేట వచ్చాయి. 2022లో ఒకేసారి ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో మరో ఎనిమిది వచ్చి 34 అయ్యాయి. మూడేళ్లలో ఇరవై ఐదు కాలేజీలు పెడితే అన్నిటికీ ప్రొఫెసర్లు ఎక్కడి నుంచి వస్తారు? 2025లో జాతీయ మెడికల్ కమిషన్ ఈ లోపాల మీద మన రాష్ట్రంలో చాలా ప్రభుత్వ కాలేజీలకు నోటీసులు ఇచ్చింది. ఆ తర్వాత కొన్ని పదోన్నతులు, నియామకాలు జరిగాయి, పరిస్థితి నెమ్మదిగా మారుతోంది. కొత్త కాలేజీ అని తీసిపారేయొద్దు. జిల్లా ఆస్పత్రిగా ఎన్నో ఏళ్లు నడిచి టీచింగ్ ఆస్పత్రిగా మారిన చోట రోగులు ముందు నుంచే ఉన్నారు. మంచి డాక్టర్లూ ఉన్నారు. కానీ ఒక్కో కాలేజీది ఒక్కో స్థితి, అడిగి తెలుసుకోవాల్సిందే.

ఎవర్ని అడగాలి? అక్కడ చదువుతున్న రెండో, మూడో ఏడాది పిల్లల్ని. వెబ్‌సైట్ చూస్తే ఏమీ తెలియదు. అనాటమీలో డిసెక్షన్‌కు ఎన్ని దేహాలున్నాయి, ఒక్కో టేబుల్ దగ్గర ఎంతమంది ఉంటారు? మెడిసిన్, సర్జరీ యూనిట్లలో క్లాసు చెప్పేది ఎవరు, ప్రొఫెసరా లేక ఆ రోజు ఎవరు దొరికితే వాళ్లా? అమ్మాయిల హాస్టల్ సొంతదా, అద్దె బిల్డింగా? రాత్రి డ్యూటీ అయ్యాక ఆస్పత్రి నుంచి హాస్టల్‌కు ఎలా వస్తారు? ఈ చివరి ప్రశ్న తల్లిదండ్రులు మర్చిపోతారు. కొన్ని చోట్ల కాలేజీ ఊరి బయట ఉంటుంది, ఆస్పత్రి ఊరి మధ్యలో.

సీట్ల సంఖ్యను బట్టి కూడా కొంత తెలుస్తుంది. కమిషన్ నిబంధనల ప్రకారం 50 సీట్ల కాలేజీకి 220 పడకల ఆస్పత్రి చాలు. 150 సీట్లకు 605, 250 సీట్లకు 900 ఉండాలి. 2024లో వచ్చిన నర్సంపేట, ములుగు కాలేజీలు 50 సీట్లతో మొదలయ్యాయి. లెక్క ప్రకారం ఒక్కో విద్యార్థికి పడకలు అక్కడే ఎక్కువ. అయితే చిన్న ఆస్పత్రి నుంచి కష్టమైన కేసులన్నీ అంబులెన్స్‌లో ఎంజీఎంకు వెళ్లిపోతాయి. మీ ఊరివాళ్లే గదా, మీకు తెలియనిది కాదు. రోగిని పంపించేశాక ఏం జరిగిందో అక్కడి విద్యార్థికి తెలియదు. నర్సంపేట కన్నా కేఎంసీ పైన ఉండాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

అమ్మగారి మాటను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆడపిల్ల కళ్లముందు ఉంటే ఆ ధైర్యమే వేరు. కానీ నర్సంపేట నుంచి వరంగల్ నలభై కిలోమీటర్లే. శనివారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి అన్నం మీ ఇంట్లోనే తింటుంది. ఇంట్లో ఉండి చదివే పిల్లలు ఒకటి పోగొట్టుకుంటారు కూడా. సాయంత్రం హాస్టల్‌లో సీనియర్లతో కూర్చుని కేసుల గురించి మాట్లాడుకోవడంలో వచ్చే చదువు ఇంటి నుంచి వెళ్లొచ్చే వాళ్లకు దొరకదు. అమ్మగారికి ఒక్కసారి సీకేఎంలో కాన్పుల వార్డు చూపించండి. అప్పుడు ఆవిడే ఒప్పుకుంటారేమో.

మీరు అడిగారు కాబట్టి మన ఉత్తర తెలంగాణ కాలేజీల్లో నా వరస చెప్తున్నా. ఇది నా అభిప్రాయం మాత్రమే. కేఎంసీ తర్వాత నిజామాబాద్ పెడతాను. 2013లో మొదలైంది, ఆస్పత్రి పెద్దది, రోగుల రద్దీ బాగా ఉంటుంది, కాన్పులు ఎక్కువ. దానికి పక్కనే సిద్దిపేట, ఆదిలాబాద్ రిమ్స్. రిమ్స్ 2008 నుంచి ఉంది. గోండు గూడేల నుంచి వచ్చే రోగులు, సికిల్ సెల్ జబ్బు, సరిహద్దు అవతలి మరాఠీ మాట్లాడే కుటుంబాలు, ఇవన్నీ చూసిన డాక్టరుకు మందుతో పాటు మనిషి కూడా అర్థమవుతాడు. దూరం ఎక్కువ, చలి ఎక్కువ, అదొక్కటే ఇబ్బంది. ఆ తర్వాత 2022 బ్యాచ్ కాలేజీలు: మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం. వీటితో సమానంగా 2023లో వచ్చిన కరీంనగర్‌ను పెడతాను, ఎందుకంటే ఆ జిల్లా ఆస్పత్రి మొదటి నుంచీ పెద్దది. మహబూబాబాద్, మంచిర్యాల, రామగుండం మూడూ రైలు మార్గం మీద ఉన్నాయి, కాజీపేట లేదా వరంగల్ స్టేషన్ నుంచి సులభం. రామగుండంలో సింగరేణి ఉద్యోగుల పిల్లలకు కొన్ని సీట్లు కేటాయించారు, మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ కింద జనగామ, భూపాలపల్లి, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్, ఆసిఫాబాద్. ఆఖర్న నర్సంపేట, ములుగు. ఈ కింది వరసలో మాత్రం ఇంటి దూరానికి విలువ ఇవ్వండి. అక్కడ కాలేజీల మధ్య తేడా తక్కువ కాబట్టి, మీకు ఆసిఫాబాద్ కన్నా నర్సంపేట మేలు. నేనైతే మీ అమ్మాయికి నర్సంపేటను జనగామ పక్కనే పెట్టేదాన్ని.

ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ సీటు (ప్రభుత్వం పెట్టిన తక్కువ ఫీజుకు ఇచ్చేది) గురించి మీరు అడగలేదు, కానీ జాబితాలో అదీ వస్తుంది. ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటులో ఏ కేటగిరీ, అంటే కన్వీనర్ సీటుకు 60 వేలు. పైన హాస్టల్, మెస్, బస్సు, ఇంకా రకరకాల పేర్లతో వసూళ్లు. ఇరవై ఏళ్లు దాటిన ప్రైవేటు కాలేజీలు కరీంనగర్‌లోనే రెండున్నాయి, చల్మెడ, ప్రతిమ. పాత కాలేజీ, నిండా రోగులున్న ఆస్పత్రి అయితే కొత్త ప్రభుత్వ కాలేజీ కన్నా పైన పెట్టుకున్నా తప్పు లేదు. కొత్త ప్రైవేటు కాలేజీలను మాత్రం ప్రభుత్వ కాలేజీలన్నిటి కింద పెట్టండి. ఇంటర్న్‌షిప్‌లో వచ్చే స్టైపెండ్ కూడా లెక్కలోకి తీసుకోండి. ప్రభుత్వ కాలేజీలో 2025 పెంపు తర్వాత నెలకు 29,792 రూపాయలు. ప్రైవేటులో ఎంత ఇస్తారో, అసలు ఇస్తారో లేదో అక్కడి హౌస్ సర్జన్లనే అడగండి.

బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీటు అయితే ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది. మీ అమ్మాయి ర్యాంకుకు దాని అవసరమే రాదు. అయినా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. హైదరాబాద్ పక్కన పెద్ద పేరున్న కాలేజీ అని చెప్పి, చేతికొచ్చిన ప్రభుత్వ సీటు వదులుకుని పొలం అమ్మినవాళ్లను నేను ఎరుగుదును. ఆ డబ్బు పీజీ నాటికి పనికొచ్చేది. నీట్ పీజీలో ఏ కాలేజీలో చదివావని ఎవరూ అడగరు, ర్యాంకే అడుగుతారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఆలిండియా కోటాకు రిజిస్టర్ చేయించండి. ప్రభుత్వ కాలేజీ సీట్లలో 15 శాతం ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నింపుతుంది. కేఎంసీలో 250కి సుమారు 37 అన్నమాట. ఎయిమ్స్‌లు, జిప్‌మర్, సనత్‌నగర్ ఈఎస్‌ఐ కాలేజీ ఆలిండియా సీట్లు కూడా అక్కడే. అయితే ఆ కోటాలో మన కాలేజీలు రాష్ట్ర కోటా కన్నా చాలా ముందు ర్యాంకు దగ్గరే ఆగుతాయి. రాష్ట్రంలో కేఎంసీ అటూ ఇటూగా ఉన్న ర్యాంకుకు ఆలిండియాలో కేఎంసీ గానీ బీబీనగర్ ఎయిమ్స్ గానీ ఆశించకండి. బీబీనగర్ మాత్రం ఆప్షన్లలో పైనే పెట్టండి. 2019లో మొదటి బ్యాచ్ చేరింది, ఫీజు చాలా తక్కువ, మనం హైదరాబాద్ వెళ్లే దారిలోనే ఉంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదవండి. ఎంసీసీ మొదటి రౌండ్‌లో వచ్చిన సీటు వద్దనుకుంటే నష్టం లేకుండా వదిలేయొచ్చు. రెండో రౌండ్ సీటు వదిలితే డిపాజిట్ పోతుంది, జనరల్ వాళ్లకు అది 10 వేలు. మూడో రౌండ్‌లో సీటు తీసుకుని చేరితే ఇక రాజీనామా లేదు, రాష్ట్ర కౌన్సెలింగ్‌కూ పనికిరారు. ఎక్కడో ఈశాన్య రాష్ట్రంలో ఒక కాలేజీ ఊరికే రాసి, మూడో రౌండ్‌లో అదే వచ్చి, ఇటు కేఎంసీ దొరికే అవకాశం పోగొట్టుకున్న పిల్లలున్నారు. ఎంసీసీ ఆప్షన్లలో నిజంగా రైలెక్కి వెళ్లే చోట్లే రాయండి.

రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. మన రాష్ట్రంలో బీసీలు ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపులు. ఎంసీసీ దగ్గర అవి చెల్లవు, అక్కడ కేంద్ర ఓబీసీ జాబితా, 27 శాతం. మీ కులం కేంద్ర జాబితాలో కూడా ఉందో లేదో చూసుకుని, క్రీమీలేయర్ కాదని కేంద్ర నమూనాలో సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎస్టీలకు రాష్ట్రంలో 10 శాతం, అక్కడ 7.5. తహసీల్దార్ ఆఫీసులో ఆఖరి వారం రద్దీ చూస్తే భయమేస్తుంది, కాబట్టి ముందే వెళ్లండి.

లోకల్ విషయంలో మీకు ఇబ్బంది లేదు, అమ్మాయి బడి, ఇంటర్ అన్నీ ఇక్కడే చదివింది. కానీ ఇది చదివే వేరే తల్లిదండ్రుల కోసం చెప్పాలి. 2024 జూలైలో వచ్చిన నిబంధన ప్రకారం 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే లోకల్. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగుల బదిలీల వంటి కొన్ని మినహాయింపులున్నాయి. మన వరంగల్, ఖమ్మం వైపు నుంచి ఇంటర్‌కు పిల్లల్ని విజయవాడ పంపడం ఎప్పటి నుంచో అలవాటు. రాజస్థాన్‌లోని కోటా ఊరికి కోచింగ్‌కు పంపేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు తొమ్మిది, పది చదువుతున్న పిల్లలున్న వాళ్లు అడ్మిషన్ ఫీజు కట్టేముందు ఈ నిబంధన ఒక్కసారి చదవండి. మంచి ర్యాంకు వచ్చి నాన్‌లోకల్ అయిపోయిన పిల్లను చూడటం నా వల్ల కాదు.

రెండో విడతలో జరిగే తప్పు కూడా చెప్పాలి. మొదటి విడతలో మీకు, ఉదాహరణకు, మహబూబాబాద్ వచ్చిందనుకోండి. రెండో విడతలో ఆప్షన్లు మళ్లీ పెట్టేటప్పుడు మహబూబాబాద్ కన్నా ఎక్కువ ఇష్టమైనవే పెట్టండి, ఒక్కటి కూడా తక్కువది వద్దు. కొత్త సీటు వచ్చిన క్షణంలో పాతది రద్దయి వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. వెనక్కి రావడం ఉండదు. వచ్చిన దాంతో తృప్తిగా ఉంటే అసలు ఆప్షన్లు పెట్టకపోవడమే మంచిది. మొదటిసారి జాబితానే మళ్లీ కాపీ చేసి పెట్టి సీటు కిందికి జార్చుకున్నవాళ్లు ప్రతి ఏడాది ఒకరిద్దరు నాకు ఫోన్ చేస్తారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

కన్సల్టెన్సీకి డబ్బు కట్టకండి. ఇరవై నిమిషాల పని అది, వాళ్లకు తెలిసి మీకు తెలియనిది ఏదీ లేదు. పైగా ఫోన్‌కు వచ్చే ఓటీపీ, లాగిన్ వాళ్ల చేతికి వెళ్తాయి. అమ్మాయి చేతే పెట్టించండి, మీరు పక్కన కూర్చోండి. ముందు తెల్లకాగితం మీద వరస రాసుకుని, స్క్రీన్ మీద పెట్టాక ఒక్కొక్కటి టిక్ చేసుకుంటూ సరిచూడండి. సేవ్ చేసి ప్రింట్ తీసుకోండి. ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగకండి, సర్వర్ నెమ్మదిస్తుంది.

ఆప్షన్లు పెట్టే ముందు ఒక్క సోమవారం సెలవు పెట్టండి సార్. పొద్దున తొమ్మిదికి అమ్మాయిని మీ ఊరి ఆస్పత్రి ఓపీ దగ్గర ఒక గంట కూర్చోబెట్టండి. తర్వాత బస్సులో తీసుకెళ్లి ఎంజీఎం ఓపీ దగ్గర ఇంకో గంట. ఏమీ చెప్పకండి, చూడనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు తన వరస తననే రాయమనండి. ఆ కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేను చూసి చెప్తాను.